పదిహేనో పేరు

తరగతులు మొదలైన పదకొండో రోజు. బి.ఏ. మొదటి సంవత్సరం. మనస్తత్వశాస్త్రం పాఠం ముగించి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఏమైనా అడగాలంటే అడగండి అన్నాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. పేరు భావనారాయణ, ఊరు పెడన. ఈ పది రోజుల్లో ఒక్క క్లాసు కూడా మానకుండా వచ్చి, నేను చెప్పిందంతా నోటుపుస్తకంలో రాసుకున్నవాడు.

"కెమిస్ట్రీ క్లాసు ఎప్పుడు మొదలవుతుందండీ?" అన్నాడు.

క్లాసులో ఉన్నదే పదిహేను మంది. మిగతా పద్నాలుగు మందీ నవ్వారు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు.

"ఇది బి.ఏ. కదయ్యా. తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం. ఇందులోకి కెమిస్ట్రీ ఎక్కణ్ణించి వస్తుంది?"

"బి.ఏ.నా అండీ?"

"మరి పది రోజుల నుంచీ ఏం పాఠం వింటున్నాననుకున్నావు?"

"మనసు గురించండీ. మనసు అందరికీ ఉంటుంది కదండీ, అన్ని గ్రూపుల వాళ్లకీ చెప్తారేమో అనుకున్నానండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. "చేరేటప్పుడు నా ఎదురుగానే కూర్చున్నావుగా. ఏ గ్రూపు కావాలని నేను అడగలేదూ?"

"అడిగారండీ."

"ఏం చెప్పావు?"

"మీ ఇష్టమండీ అన్నానండీ."

నిజమే. ఆ మాటే అన్నాడు. అతని దరఖాస్తులో గ్రూపు అని ఉన్న గడిలో ఏడు అంకె వేసింది నేనే.

బల్ల

ఇప్పుడు కౌన్సిలింగు పేరుతో డిగ్రీ చదువులే వచ్చాయని, కాలేజీలో చేరే పిల్లలకు ఏ పేపరు ముందు తీసుకోవాలి, ఏది తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుంది అని చెప్పడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెడుతున్నారని విన్నాను. ఆ పనిలోకి వెళ్తున్న ఇద్దరు ముగ్గురు వచ్చి, మీ రోజుల్లో ఎలా ఉండేదండీ అని అడిగారు. మా రోజుల్లో ఆ పనికి పేరు లేదు. ఒక బల్ల ఉండేది.

హైస్కూలు తర్వాత ఏడాది పి.యు.సి., దాని తర్వాత మూడేళ్ల డిగ్రీ కొత్తగా వచ్చిన రోజులు. బందరులో మా కాలేజీ వరండాలో, జూన్ నెలాఖరున, ఆఫీసు గది కిటికీ కింద ఆ బల్ల వేసేవారు. సముద్రపు గాలికి దరఖాస్తులు ఎగిరిపోకుండా నాలుగు గులకరాళ్లు. బల్లకు ఇటు నేను, అటు చేరడానికి వచ్చినవాడు, వాడి వెనక తండ్రి, తండ్రి వెనక మేనమామ, వాళ్ల వెనక ఊరి మునసబు. ప్రశ్న వాడిని అడిగితే జవాబు మునసబు చెప్పేవాడు.

కాలేజీలో చేరకముందు నేను గుడివాడలో ఆరేళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. అందుకే ఈ బల్ల నాకు అంటగట్టారు. "మనుషులతో మాట్లాడటం నీకు అలవాటేగా, నువ్వు కూర్చో" అన్నారు ప్రిన్సిపాల్ గారు. పత్రికలో నేర్చుకున్నది నిజానికి మాట్లాడటం కాదు. నందివాడ దగ్గర ఒక మురుగుకాలవ దారి మార్చే విషయమై ఊళ్లో సభ జరిగితే, "గ్రామస్థులు అంగీకరించారు" అని రాసి పంపాను. సబ్ ఎడిటరు ఆ కాగితమే వెనక్కి పంపాడు. అంచున ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశాడు: "అంగీకరించారా, ఊరుకున్నారా?" మళ్లీ సైకిలు వేసుకుని వెళ్లి అడిగితే, ఊరుకున్నారనే తేలింది.

అంత చెంపదెబ్బ తిన్నవాడిని, బల్ల దగ్గర కూర్చోగానే అదంతా మరిచిపోయాను. కారణం ఉంది. విలేకరికి జవాబు దొరకకపోతే వార్త రేపు వస్తుంది. బల్ల దగ్గర వరస కదలాలి.

ఆ మాట

మా వైపు మనిషిని ఏదైనా అడగండి. కాఫీయా, టీయా? మీ ఇష్టమండీ. ఇప్పుడు వెళ్తారా, భోంచేసి వెళ్తారా? మీ ఇష్టమండీ. పెద్దవాళ్ల ముందు తన కోరిక చెప్పుకోవడం మర్యాద కాదని చిన్నప్పటి నుంచీ నేర్పిన ప్రాంతం ఇది. ఆ మర్యాద భోజనాల దగ్గర ముచ్చటగానే ఉంటుంది. మూడేళ్ల చదువు దగ్గర కొంప ముంచుతుంది.

ఆ బల్ల దగ్గర పదేళ్లు కూర్చున్న మీదట నాకు తెలిసిందేమిటంటే, ఆ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. ఒకటి, సరేనండీ అని. రెండు, వద్దండీ, కానీ మీ మొహం మీద ఎలా చెప్పనండీ అని. మూడు, మీరు అడిగిందేమిటో నాకు అర్థం కాలేదండీ, మళ్లీ అడగాలంటే సిగ్గుగా ఉందండీ అని. మూడింటికీ మాట ఒకటే, గొంతు ఒకటే, తల వంచడం ఒకటే. దరఖాస్తులో మాత్రం మూడూ ఒకే అంకెగా పడతాయి.

తండ్రులు ఇంకో రకం. గుడివాడ నుంచి ఒక రైతు కొడుకుని తీసుకొచ్చాడు. గ్రూపుల పేర్లన్నీ ఓపిగ్గా చదివి వినిపించాను.

"వీటిల్లో ఏది బరువైందండీ?" అన్నాడాయన.

"బరువేమిటండీ?"

"అదేనండీ, కష్టమైంది. కష్టమైందానికే కదండీ విలువ. అది రాయండి."

"మీవాడికి లెక్కల్లో అత్తెసరు మార్కులండీ."

"అందుకేనండీ, అదే చదివితే వస్తాయి కదా. ఏరా?"

కొడుకు నేల చూస్తూ, "నీ ఇష్టం నాన్నా" అన్నాడు. రాశాను. వాడు రెండుసార్లు తప్పాడు. తండ్రి ఎప్పుడు కనిపించినా, "మీ చేత్తోనే రాశారుగా మాస్టారూ" అనేవాడు, ఏదో నా హస్తవాసి బాగోలేదన్నట్టు.

దివిసీమ పిల్లల సంగతి వేరు. వాళ్ల దారి మా బల్ల దాకా రాకముందే మూసుకుపోయేది. హైస్కూల్లో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి. జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు. కాంపోజిట్ తీసుకోకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు ఇవ్వరు. అవనిగడ్డ అవతల కొన్ని స్కూళ్లలో కాంపోజిట్ చెప్పే మాస్టరు లేడు. అందుకని హెడ్మాస్టరు క్లాసు మొత్తానికి జనరల్ అని రాసేసేవాడు. పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ ముక్క ఎవరూ చెప్పేవారు కాదు. ఇంజనీరు కావాలని వచ్చినవాడికి నేను ఆ సర్టిఫికెట్ చూసి, నీ దారి మూడేళ్ల కిందటే మూసేశారయ్యా అని చెప్పాల్సి వచ్చేది. అలాంటివాళ్లలో ఒక్కడైనా గట్టిగా అరిచి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. ఒక్కడూ అరవలేదు. పోనీ, ఇంకేదైనా మీ ఇష్టమండీ అనేవారు.

ఏడో గ్రూపు

భావనారాయణ చేరిన ఏడాది ప్రిన్సిపాల్ గారికి ఒక ఆలోచన వచ్చింది. మంచిదే. ప్రతి హైస్కూల్లోనూ పిల్లలకు చదువుల దారి చూపించే సలహాదారు ఒకరిని ప్రభుత్వం నియమించబోతోందని ఆయన ఎక్కడో విన్నారు. అలాంటివాళ్లను మన కాలేజీయే తయారుచెయ్యాలని, బి.ఏ.లో మనస్తత్వశాస్త్రంతో కొత్త గ్రూపుకు యూనివర్సిటీ అనుమతి తెచ్చారు. షరతు ఒకటే. మొదటి ఏడాది పదిహేను మందికి తగ్గితే గ్రూపు రద్దు. మార్చుకోవాలనుకున్నవాళ్లు తరగతులు మొదలైన మూడు వారాల్లోపు మార్చుకోవాలి. ఆ తర్వాత పేర్లు యూనివర్సిటీకి వెళ్లిపోతాయి.

"పదిహేను నువ్వు సర్దాలోయ్ విలేకరీ" అన్నారు. సర్దడం ఆయనకు ఇష్టమైన మాట. గదులు సర్దేవారు, మనుషుల్ని సర్దేవారు, టైంటేబుల్లో ఒకే గంటకు రెండు క్లాసులు పడితే, కాస్త సర్దుకోండి అనేవారు.

మనస్తత్వం అనే పేరు వింటేనే జనం జడుసుకునేవారు. గూడూరు నుంచి వచ్చిన ఒక తల్లి, "మావాడికేం పిచ్చి పట్టలేదండీ, కాస్త మొండాడు, అంతే" అని పిల్లవాడి చెయ్యి పట్టుకుని లేపుకుపోయింది. చరిత్ర గ్రూపు దొరకనివాళ్లు కొందరు, ఏదో ఒక డిగ్రీ చాలనుకున్నవాళ్లు కొందరు, ఎలాగో చేరారు.

తనంతట తాను అడిగి చేరింది ఒక్క మనిషి. సామ్రాజ్యం అని, దివిసీమ అమ్మాయి. జనరల్ లెక్కల బడిలో చదివిన పిల్లే. ఒంటరిగా వచ్చింది. నేను నోరు తెరవకముందే, "ఏడో నంబరు గ్రూపండీ" అంది.

"ఎందుకమ్మా ప్రత్యేకంగా?"

"మా స్కూల్లో తొమ్మిదో క్లాసు పిల్లలకి లెక్కల సంగతి ముందే చెప్పే మనిషి ఒకరు ఉండాలండీ. అది నేనైతే బాగుంటుందని."

"ఇది ఈ ఏడే పెట్టాం. చాలినంతమంది రాకపోతే తీసేస్తారు."

"తీసేస్తే వెళ్లిపోతానండీ. ఇంకేదో చదవమని మాత్రం అనకండి."

ఆ బల్ల దగ్గర నేను విన్న సూటి జవాబు అదొక్కటే. ఆమెతో పద్నాలుగు మంది అయ్యారు. ఆఖరి రోజు సాయంత్రం భావనారాయణ వచ్చాడు.

అతను పి.యు.సి. సైన్సు గ్రూపులో చదివి, మధ్యరకం మార్కులతో పాసయ్యాడు. బి.ఎస్‌సి.కి అర్హుడే. సీటు కూడా ఒకటి మిగిలే ఉంది. అతని వెంట పెదనాన్న నాంచారయ్య వచ్చాడు. పెడనలో అద్దకం పని చేసే మనిషి. చేతులు మణికట్టు దాకా రంగు పట్టి ఉన్నాయి. బల్లకు దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు, తాకితే బల్లకు రంగంటుకుంటుందేమో అన్నట్టు.

"ఏ గ్రూపయ్యా?" అన్నాను.

"మీ ఇష్టమండీ."

"కొత్త గ్రూపొకటి పెట్టాం. మంచిది. రాయనా?"

"మీ ఇష్టమండీ."

రాశాను. చేరిక చీటీలో గ్రూపు పేరు ఉండేది కాదు, అంకె మాత్రమే. అతను ఏడు చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను ఆఫీసు గదిలోకి తల పెట్టి, పదిహేనండీ అని కేకేశాను. ప్రిన్సిపాల్ గారు కాఫీ తెప్పించారు.

ఇంగ్లీషు, తెలుగు క్లాసులు బి.ఏ., బి.ఎస్‌సి. వాళ్లందరికీ కలిపి పెద్ద హాల్లో జరిగేవి. తత్త్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఇంకా మొదలుకాలేదు. అందుకని పది రోజుల పాటు అతనికి అనుమానం రాలేదు. నాకు రావలసింది, నాకూ రాలేదు.

ఎరుపు

క్లాసులో ఆ ప్రశ్న అడిగిన రోజున అతన్ని వరండాలోకి తీసుకెళ్లి, చేరిన నాడు అడగవలసినవన్నీ అప్పుడు అడిగాను.

"కెమిస్ట్రీ ఎందుకయ్యా?"

"ఎరుపు గురించండీ."

"ఏ ఎరుపు?"

అప్పటిదాకా నాలుగు మాటలు కలిపి మాట్లాడనివాడు ఆగకుండా చెప్పుకొచ్చాడు. బట్టను కరక్కాయ రసంలో నానబెట్టి, పటికతో అచ్చు అద్ది, రంగులో ఉడకబెడతారట. కాలవ నీళ్లతో ఉడకబెడితే ఎరుపు నిగనిగలాడుతుంది. వేసవిలో కాలవ కట్టేశాక బావి నీళ్లతో చేస్తే అదే రంగు, అదే పటిక, అదే చెయ్యి, ఎరుపు మాత్రం నల్లబారిపోతుంది. ఆ నెలల్లో వాళ్ల వీధంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

"పెదనాన్న బావిలో ఏదో ఉందంటాడండీ. అమ్మవారి కోపమంటారండీ కొందరు. నీళ్లలో ఏముందో తెలిస్తే తీసేయొచ్చు కదండీ."

"ఇదంతా ఆ రోజు ఎందుకు చెప్పలేదూ?"

"మీరు గ్రూపు అడిగారండీ. ఎరుపు గురించి అడగలేదు."

నేను నేరుగా కెమిస్ట్రీ లెక్చరరు దగ్గరికి వెళ్లాను. ఆయన విని, "నీళ్లలో ఇనుముంటే అలా కావచ్చు. పరీక్ష చేసి చూడాలి. పంపించండి, బల్ల ఒకటి ఖాళీగానే ఉంది. ఆ ప్రశ్నతో వచ్చినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు" అన్నారు.

అక్కణ్ణించి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను.

"పదిహేనులోంచి ఒకటి తీస్తే ఎంతోయ్?" అన్నారాయన.

"తప్పు నాదండీ. వాడి నోటి నుంచి గ్రూపు పేరు రాకుండా రాశాను."

"ఎవడి నోట్లోంచి వచ్చింది? మిగతావాళ్లు మాత్రం ఏడో గ్రూపు, ఏడో గ్రూపు అని కలవరించారా? సర్దుకుంటాడులే."

"సర్దుకోడానికి అది చొక్కా కాదండీ."

ఆయనకు కోపం వచ్చింది. తగ్గాక, ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "గ్రూపు మార్పిడికి నీ సంతకం చాలు. నేను అడ్డం రాను. ఇంకో పేరు తీసుకొచ్చి పెట్టి వాణ్ణి పంపు. లేదా ఊరికే పంపు, ఆ దివిసీమ పిల్లకు గ్రూపు పోయిందని నువ్వే చెప్పు."

మూడు వారాల గడువులో ఇంక పది రోజులున్నాయి. పదిహేనో పేరు కోసం నేను తిరిగిన తిరుగుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. గుడివాడలో పాత పరిచయాలన్నీ తట్టాను. సీటు దొరక్క ఇంట్లో కూర్చున్నవాళ్ల పేర్లు అడిగి గడప గడపకూ వెళ్లాను. బరువైన గ్రూపు రైతు కొడుకు తప్పి ఇంట్లోనే ఉన్నాడని తెలిసి అక్కడికీ వెళ్లాను.

"మళ్లీ మీరేనా మాస్టారూ!" అన్నాడు తండ్రి. "ఈసారేంటి?"

చెప్పాను.

"పిచ్చోళ్ల చదువా?"

"కాదండీ. పిల్లలకి ఏ చదువు సరిపోతుందో చెప్పే చదువు."

ఆయన పెద్దగా నవ్వాడు. "అది ముందు మీరు చదవకపోయారా?"

మజ్జిగ ఇచ్చారు, తాగి వచ్చేశాను. ఆ తండ్రి మాట నాకు కోపం తెప్పించలేదని చెప్తే అబద్ధం. బస్సులో బందరు దాకా కోపంగానే ఉన్నాను. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఆఖరి రోజు

పదిహేనో పేరు దొరకలేదు. గడువు ముగిసే రోజు మధ్యాహ్నం భావనారాయణను నా గదికి పిలిపించాను. నాంచారయ్యను కూడా రమ్మని ముందు రోజే కబురు చేశాను. మార్పిడి కాగితం రాసి బల్ల మీద పెట్టుకున్నాను. నా సంతకం ఒక్కటే తక్కువ.

"మావాడు ఏదైనా తప్పు చేశాడా అండీ?" అన్నాడు నాంచారయ్య, గుమ్మంలోనే నిలబడి.

"తప్పు వాడిది కాదండీ, నాది. వేరే చదువులో వేశాను."

"మీరు పెద్దలు. చూసి వేశారంటే ఏదో మంచే ఉంటుందండీ."

ఆ మాటకు తల బాదుకోవాలనిపించింది. మీ పిల్లవాడి మూడేళ్లు పాడుచేయబోయానని ఒప్పుకుంటుంటే, ఆ మనిషి నన్ను నమ్ముతున్నాడు. ఈ ప్రాంతంలో సలహా చెప్పే పనిలో ఉన్న ప్రమాదం ఇదే. జనం సలహా వినకపోవడం కాదు, చెప్పిందల్లా వినేస్తారు.

అప్పుడు నేను చేసింది మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ ముక్క కోసమే ఇదంతా రాస్తున్నాను. నేను సంతకం పెట్టి కాగితం చేతికిచ్చి పంపించేయొచ్చు. అలా చెయ్యలేదు. నేను చాలా న్యాయంగా ఉన్నాననుకుంటూ, అంతా అతనికి విడమరిచి చెప్పాను. నువ్వు వెళ్తే ఈ గ్రూపు పోతుంది, పద్నాలుగు మంది చెల్లాచెదురవుతారు, సామ్రాజ్యం ఇంటికి వెళ్లిపోతుంది. వెళ్తానంటే ఇప్పుడే సంతకం పెడతాను. ఉంటానంటే ఉండు. నిర్ణయం నీది.

పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. అతను పెదనాన్న వైపు చూశాడు. కిటికీలోంచి వరండా వైపు చూశాడు. అక్కడ సామ్రాజ్యం, ఇంకో ఇద్దరు పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకు విషయం తెలిసే ఉంటుంది. ఆ వారమంతా కాలేజీలో అదే మాట.

"మీ ఇష్టమండీ" అన్నాడు.

మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నాకు తెలియదు. అది తొందర, బుద్ధి తక్కువ. రెండోసారి అన్నప్పుడు నాకు తెలుసు. మూడు అర్థాల్లో ఏదో కూడా తెలుసు. వద్దండీ, మీ మొహం మీద ఎలా చెప్పనండీ అన్నదే. తెలిసి కూడా, కలం తీసి మార్పిడి కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "విద్యార్థి ప్రస్తుత గ్రూపులో కొనసాగడానికి అంగీకరించాడు" అని రాశాను. సంతకం పెట్టాను. నాంచారయ్య నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఈ పని నేర్పడానికి పుస్తకాలు చాలా వచ్చాయని విన్నాను. నేను చెప్పగలిగింది కొంచెమే.

ఏ గ్రూపు అని అడగకండి. గ్రూపు మీ ఆఫీసు మాట. ఏం పని చేయాలనుంది, ఏం తెలుసుకోవాలనుంది అని అడగండి. మొదటి జవాబు మర్యాద, రెండోది కూడా మర్యాదే. తండ్రిని కాసేపు కాఫీకి పంపించి మూడోసారి అడగండి. జవాబు మీ అంకెలో రాయకండి, వాడి మాటల్లో రాసి వాడికే చదివి వినిపించండి. అలా చేస్తే వరస కదలదు. కదలకపోతే మీ ప్రిన్సిపాలు అరుస్తారు. అరవనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, ఖాళీలు నింపే పని, సలహా చెప్పే పని ఒకే మనిషి చేతిలో పెట్టనివ్వకండి. నా ఎదుట కుర్రవాడు కూర్చున్నప్పుడు నా చెవిలో పదిహేను అనే అంకె మోగుతోంది. ఆ హోరులో మనిషి గొంతు వినపడదు. ఈ సంగతి నేను ప్రిన్సిపాల్ గారికి రాసి ఇచ్చాను. ఆలోచిద్దాం అన్నారు. ఆయన తర్వాత వచ్చిన ఇద్దరూ అదే అన్నారు.

ఇంకొకటి. బరువైన నిర్ణయాన్ని పిల్లవాడి నెత్తిన పెట్టి, వాడికి స్వేచ్ఛ ఇచ్చామని చంకలు గుద్దుకోకండి. తప్పు మీది అయినప్పుడు దిద్దే భారమూ మీదే. ఆ రోజు నేను సంతకం పెట్టి పంపించి, సామ్రాజ్యం దగ్గరికి నేనే వెళ్లి చెప్పాల్సింది. ఆమె తిట్టేది. ఆమెకు తిట్టడం వచ్చు.

మిగిలింది

గ్రూపు నిలబడింది. గడువు దాటిన వారానికే, పద్నాలుగు మందితో నడపడానికి అనుమతిస్తే ఒక విద్యార్థిని సైన్సులోకి పంపుతామని యూనివర్సిటీకి అర్జీ పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఏటా గుర్తు చేస్తూ ఉత్తరం రాశాను.

కెమిస్ట్రీ లెక్చరరు మంచి మనిషి. శనివారం మధ్యాహ్నాలు భావనారాయణను లేబొరేటరీలోకి రానిచ్చారు. అతను బావి నీళ్లు సీసాల్లో పట్టుకుని పెడన నుంచి వచ్చేవాడు. కొన్ని నెలలు అలా జరిగింది. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు, రిజిస్టరులో పేరు లేని విద్యార్థి ఆమ్లాల దగ్గర ఏం చేస్తున్నాడని అడిగారు. అంతటితో ఆగిపోయింది. నీళ్లలో ఏముందో అప్పటికి సగమే తేలింది. ఇనుము ఉంది. దాన్ని వీధి మొత్తానికి సరిపడా తక్కువ ఖర్చులో ఎలా తీయాలన్న దగ్గర ఆగిపోయారు.

సామ్రాజ్యం మొదటి తరగతిలో పాసైంది. స్కూళ్లలో సలహాదారు ఉద్యోగాలను ప్రభుత్వం వెయ్యలేదు. ఆమె ట్రైనింగు చేసి దివిసీమలోనే టీచరైంది. తొమ్మిదో క్లాసు పిల్లలకు కాంపోజిట్ లెక్కల సంగతి ఉద్యోగం కాకపోయినా చెప్పేదట.

భావనారాయణ మూడేళ్లూ క్లాసుకు వచ్చాడు, అన్ని పరీక్షలూ రాశాడు, పాసయ్యాడు. డిగ్రీ సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి కాలేజీకి వచ్చింది. సంతకం చేసి తీసుకెళ్లమని ఆఫీసు వాళ్లు కార్డు రాశారు. తర్వాత నేను రెండు రాశాను. అతను పెదనాన్నతో కలిసి అద్దకం పనే చేస్తున్నాడు, కార్డులు అందాయి. రావడానికి తీరిక లేదో, ఆ కాగితం అక్కర్లేదో తెలియదు. నేను రిటైరైన రోజున చూస్తే అది ఆఫీసు బీరువాలోనే ఉంది. బందరు నుంచి పెడనకు బస్సులో అరగంట. నేనూ తీసుకెళ్లి ఇవ్వలేదు.